యెషయా 6:6లోని ‘కారు’: ఒక పనిముట్టు పేరు, దాని అర్థం, మన ప్రసంగాలు

ఉపోద్ఘాతం

యెషయా గ్రంథం ఆరవ అధ్యాయం మన సంఘాలలో తరచుగా చదవబడే భాగం. సేవకుల అభిషేక ఆరాధనలలో, వేదాంత కళాశాలల ప్రారంభ కూడికలలో, యువజన శిబిరాలలో దీనిని చదువుతూనే ఉంటాం. సింహాసనం, సెరాపులు, ధూమం, కదలిన గడప కమ్ములు, ప్రవక్త పెదవులు, చివరికి పంపబడడం – వీటన్నిటి మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే ఆరవ వచనంలోని ఒక చిన్న మాట దగ్గర మాత్రం మనలో చాలామందిమి ఆగం. సెరాపు బలిపీఠం మీది నిప్పును దేనితో తీశాడో చెప్పే మాట అది. మన వాడుకలో ఉన్న పాత తెలుగు అనువాదంలో ఆ మాట ‘కారు’.

ఈ పరిశీలనకు కారణం జగిత్యాల వైపు ఒక పల్లె సంఘంలో మాకు కలిగిన అనుభవం. ఆ ఆదివారం పాఠం చదివిన యువకుడు ‘కారుతో’ అనే మాట దగ్గరికి రాగానే ముందు వరుసలో కూర్చున్న పిల్లలు నవ్వారు. ఒకడు పక్కవానితో, “దూతకు కారున్నదా?” అన్నాడు. పెద్దలు కసిరారు, నవ్వు ఆగింది. వాక్యం చెప్పవలసినది మేమే. ఆ మాటను దాటవేసి ప్రసంగం ముగించాం. ఆరాధన తరువాత, ఒకప్పుడు కమ్మరి పని చేసిన సంఘ పెద్ద ఒకాయన మా దగ్గరికి వచ్చి, “అయ్యగారూ, గది మోటారు కారు గాదు. మా కొలిమిల ఉండే పట్కారు. మీరు చెప్తరని చూసిన” అన్నాడు.

ఆయన మాటలో నింద లేదు. అయినా అది మాకు తగిలింది. పిల్లలు నవ్వినందుకు మేము సిగ్గుపడలేదు. ఆ గదిలో ఆ మాట అర్థం పూర్తిగా తెలిసిన మనిషి ఒకడుండగా, వేదిక మీద ఉన్న మేము దానిని దాటవేసినందుకు సిగ్గుపడ్డాం. ఆ బాకీ తీర్చుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం. ఈ మాట తెలుగులో ఏమిటి, మూలభాషలో దాని వెనుక ఏమున్నది, మన అనువాదం ఎక్కడ సరిగా ఉన్నది, ఎక్కడ ఒక ముఖ్యమైన సంబంధం తెగిపోయింది, మన ప్రసంగాలు ఎక్కడ దారి తప్పుతున్నాయి అనే ప్రశ్నలను వరుసగా పరిశీలిద్దాం.

1. ‘కారు’ అనే తెలుగు మాట

ముందుగా ఒక అపోహను తొలగించాలి. బైబిలులోని ‘కారు’ అనువాదకుల తప్పు కాదు. అది తెలుగు మాటే. వేడి వస్తువును పట్టి ఎత్తే ఇనుప పనిముట్టుకు అది పేరు. తెలుగులో సంపూర్ణ బైబిలు మొదట 1854లో వెలువడింది. ఆ తరువాత సవరణలు జరుగుతూ మన అనువాద భాష రూపుదిద్దుకొన్న కాలానికి, మన పల్లెల దారులలో మోటారు కారు లేదు. కనుక ఆనాటి శ్రోత ఆ మాట విన్నప్పుడు చక్రాల బండి తలపుకు వచ్చే అవకాశమే లేదు. మారినది అనువాదం కాదు, మన చెవి. నేడు మన జిల్లాలలో కారు అంటే రోడ్డు మీద వాహనం. ఎన్నికల కాలంలో గోడల మీది గుర్తు కూడ అదే. పిల్లలు నవ్వారంటే తప్పు వారిది కాదు.

తెలుగులో ‘కారు’ అనే రూపానికి మొదటి నుండి పోటీ ఎక్కువ. కారుచీకటి, కారుమబ్బు అన్నప్పుడు నలుపు. పంట కారు అన్నప్పుడు కాలం. నీళ్లు కారుట అన్నప్పుడు క్రియ. కారుకూతలు అన్నప్పుడు చెడ్డ మాటలు. ఒకే రూపం ఇన్ని పనులు చేస్తున్నప్పుడు వాడుక తనంతట తానే ఒక ఉపాయం వెదకుతుంది. పనిముట్టును సూచించే కారుకు ముందు ‘పట్టు’ చేర్చి పట్టుకారు, పట్టకారు, పటకారు అన్నారు. మన ఉత్తర తెలంగాణ నోట అది ‘పట్కారు’ అయింది. ‘పట్టు’ స్వచ్ఛమైన ద్రావిడ ధాతువు. తమిళంలోని ‘పఱ్ఱు’ దానికి తోబుట్టువు. పట్టే కారు పట్టుకారు. అంటే ఈ సమాసంలో మొదటి సగం రెండవ సగానికి కాపలా కాస్తున్నది. ఇతర కారులతో కలిసిపోకుండా దీనిని విడిగా నిలబెడుతున్నది.

ఇక్కడే మాకు ఒక వ్యుత్పత్తి చాల ఆకర్షణీయంగా కనిపించింది. ‘కారు’ అనేది సంస్కృతంలోని ‘కరము’ నుండి వచ్చిందని, కాబట్టి పట్టుకారు అంటే ‘పట్టే చేయి’ అని చెప్పవచ్చు. ప్రసంగానికి ఎంత బాగుంటుంది! దేవుని చేయి, సెరాపు చేయి, సేవకుని చేయి అని మూడు భాగాలు కూడ సిద్ధమవుతాయి. కాని ‘కరము’లోని హ్రస్వం ‘కారు’లో దీర్ఘం ఎందుకయిందో ఈ వాదం చెప్పదు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం ఏర్పడదు. కనుక అందంగా ఉన్నా దానిని వదిలివేయవలసినదే. ఒక మాట పుట్టుక గురించి మనకు నచ్చిన కథను వేదిక మీద సత్యంగా చెప్పడం కూడ ఒక విధమైన అబద్ధమే.

ఈ పనిముట్టు కుటుంబంలోని ఇతర పేర్లను కూడ గుర్తుచేసుకొందాం. కంసాలి సన్నని పనికి వాడేది, కాలిలో ముల్లు తీసేది శ్రావణం. రొట్టెలు కాల్చే ఇండ్లలో చిమ్టా. వక్కలు కత్తిరించేది అడకత్తెర. వెండి తీగ పనికి, అంటే ఫిలిగ్రీకి, పేరుపడిన కరీంనగర్‌లో తీగను వంచేవారి చేతిలో ఉండేది కూడ ఈ కుటుంబంలోని చిన్న సభ్యురాలే. ఒక్కొక్క పనికి ఒక్కొక్క పేరు. అయితే నిప్పును పట్టేది మాత్రం పట్టకారే.

2. మూలభాషలోని మాట

యెషయా 6:6లోని హెబ్రీ పదం ‘మెల్‌కాహయిమ్’. దీని ధాతువు ‘లాకహ్’, అంటే తీసుకొనుట. ‘-అయిమ్’ అనే ముగింపు ద్వివచనాన్ని సూచిస్తుంది. చేతులు, కన్నులు, చెవులు వంటి జంటలకు హెబ్రీలో ఈ ముగింపు వస్తుంది. రెండు చేతులుగా ఉండే పనిముట్టు కనుక ఈ పేరు. ‘తీసుకొనే జంట’ అని దాని మాటవరుస అర్థం. ఇంకొక విశేషమేమంటే, అదే వచనంలో ‘తీశాడు’ అనే క్రియ కూడ లాకహ్ ధాతువు నుండే వచ్చింది. అంటే హెబ్రీ శ్రోతకు పనిముట్టు పేరు, అది చేసిన పని ఒకే ధ్వనిలో వినిపిస్తాయి. తెలుగులో ‘పట్టకారుతో పట్టి’ అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ప్రాచీన అనువాదాలలో ఈ పోలిక కొంత నిలిచింది. సెప్టువాజింటు అనే గ్రీకు అనువాదం ఇక్కడ ‘లబీస్’ అనే మాట వాడింది. అది ‘లంబానో’ అనే క్రియకు సంబంధించినది. దాని అర్థం కూడ తీసుకొనుటే. జెరోము లాటిను బైబిలులో ‘ఫోర్కెప్స్’ అన్నాడు. వేడి అని అర్థమిచ్చే పాత లాటిను మాటకు, పట్టుట అనే క్రియను కలిపి ప్రాచీన లాటిను పండితులు దానిని వివరించారు. ఆసుపత్రులలో డాక్టర్లు ‘ఫోర్సెప్స్’ అనేది ఈ మాటనే. తూర్పు ఆర్థడాక్సు సంఘాలలో ప్రభు సంస్కారాన్ని అందించే చెంచాను కూడ లబీస్ అనే పిలుస్తారు. యెషయా పెదవులను తాకిన నిప్పును వారు సంస్కారానికి ఛాయగా చదివారు. అందువల్ల కమ్మరి పనిముట్టు పేరు ఆరాధన పాత్రకు వచ్చి చేరింది.

నిప్పు అని మనం చదివే మాట ‘రిత్స్‌పా’. అది కాలిన బొగ్గు కావచ్చు, కాలిన రాయి కావచ్చు. గ్రీకు బొగ్గు వైపు, లాటిను చిన్న రాయి వైపు మొగ్గాయి. ఏదైనా అది చేతితో తాకరానిది. అందుకే పట్టకారు అవసరమయింది.

3. ఇతర భాషలు ఈ పనిముట్టును ఎలా చూశాయి

ఒక పనిముట్టుకు పేరు పెట్టేటప్పుడు ఒక్కొక్క భాష దానిలో ఒక్కొక్క గుణాన్ని చూస్తుంది. సంస్కృతంలో పట్టకారు ‘సందంశము’. దంశ ధాతువుకు కరచుట అని అర్థం. సుశ్రుత సంహితలో శస్త్ర చికిత్సకు చెప్పిన యంత్రాలలో సందంశము ఒక వర్గం. ఇంగ్లీషులోని ‘టాంగ్స్’ కూడ కరచుట అనే అర్థంగల ప్రాచీన ధాతువు నుండి వచ్చినదే. దంశకు అది దూరపు బంధువు. తమిళంలోని ‘కొడిఱు’ అనే పాత మాటకు దవడ అనీ, పట్టకారు అనీ రెండు అర్థాలున్నాయి. ఈ భాషలన్నీ దానిని కరిచే నోరుగా చూశాయి. హిందీ ‘చిమ్టా’ అంటుకొనే గుణాన్ని చూసింది. మన జిల్లాలలో వినిపించే మరొక భాషయైన ఉర్దూలో ‘దస్త్‌పనాహ్’ అనే మాట ఉన్నది. దస్త్ అంటే చేయి, పనాహ్ అంటే రక్ష, ఆశ్రయం. అంటే చేతికి ఆశ్రయం! తెలుగు మాత్రం పట్టును చూసింది.

దక్షిణాది బైబిళ్లు కూడ ఇక్కడ తమ తమ కొలిముల మాటలనే వాడుకొన్నాయి. యెషయా 6:6లో తమిళం ‘కుఱడు’ అన్నది, మలయాళం ‘కొడిల్’ అన్నది, కన్నడం ‘ఇక్కుళ’ అన్నది. ఎవరూ గంభీరమైన సంస్కృత పదం వెదకలేదు. మన అనువాదకులు కూడ ‘సందంశము’ అనక ‘కారు’ అన్నారు. ఇది వారి గొప్ప వివేకమని మేము భావిస్తున్నాం. మహోన్నతమైన దర్శనంలో ఒక కూలివాని పనిముట్టు పేరును ఉన్నది ఉన్నట్లు ఉంచారు.

4. ఒక మూలపదం, రెండు తెలుగు మాటలు

విమర్శ చేయవలసిన చోటు ఇది. ‘మెల్‌కాహయిమ్’ హెబ్రీ బైబిలులో ఆరు సార్లు వస్తుంది: నిర్గమకాండము 25:38, 37:23, సంఖ్యాకాండము 4:9, 1 రాజులు 7:49, 2 దినవృత్తాంతములు 4:21, యెషయా 6:6. మొదటి అయిదు చోట్ల అది దీపవృక్షానికి, దేవాలయానికి చెందిన బంగారు ఉపకరణం. ఆరవ చోట మాత్రమే అది సెరాపు చేతిలో కనిపిస్తుంది.

మన పాత అనువాదంలో నిర్గమకాండము 25:38లోను సంఖ్యాకాండము 4:9లోను ఇది ‘కత్తెర’ అయింది. యెషయాలో ‘కారు’ అయింది. కత్తెర అనడానికి కారణం ఊహించదగినదే. దీపపు వత్తి కాలిన కొనను కత్తిరించే సాధనమని అనువాదకులు తలచారు. అయితే మూలపదంలో కత్తిరించడమనే భావం లేదు, తీయడమనే భావమే ఉన్నది. నూనెలో మునిగిన వత్తిని పట్టి పైకి లాగడానికి, కాలిన కొసను పట్టి తీయడానికి వాడే చిన్న పట్టకారు అది. గ్రీకు అనువాదం సంఖ్యాకాండములోను యెషయాలోను ‘లబీస్’ అనే ఒకే మాటను నిలిపి ఈ బంధాన్ని కాపాడింది. తెలుగులో అది తెగిపోయింది.

దీనివల్ల నష్టమేమిటి? ఒకే పనిముట్టు అని తెలిసినప్పుడు యెషయా దర్శనం మరింత స్పష్టమవుతుంది. ఉజ్జియా రాజు మృతిపొందిన సంవత్సరంలో, సుమారు క్రీ.పూ. 740లో, యెషయా చూసినది దిక్కులేని ఆకాశంలోని వింత కాదు. గడప ఉన్నది, బలిపీఠం ఉన్నది, ధూమం ఉన్నది, దేవాలయపు పట్టకారు కూడ ఉన్నది. ఉజ్జియా ధూపం వేయడానికి ఆలయంలో చొరబడి కుష్ఠరోగి అయ్యాడని 2 దినవృత్తాంతములు 26వ అధ్యాయం చెబుతుంది. తనది కాని పరిచర్యను తన చేతితో లాక్కొన్న రాజు చనిపోయిన సంవత్సరంలో, సెరాపు సహితం ఆలయపు ఉపకరణంతోనే బలిపీఠం మీది నిప్పును తీశాడు. ఈ పోలికను యెషయా తానుగా ఎత్తిచూపలేదు. కాని అహరోను వంశస్థుల ఉపకరణాల పట్టికలో ఉన్న మాటే ఇక్కడ ఉన్నదని తెలిసిన పాఠకుడు దానిని గమనించకుండా ఉండలేడు. ‘కత్తెర’, ‘కారు’ అని రెండు మాటలుగా చదివే తెలుగు పాఠకునికి ఆ దారి మూసుకుపోయింది.

5. ప్రసంగాలలో మూడు పొరపాట్లు

మొదటి పొరపాటు దాటవేత. మేము చేసినది అదే. అర్థం కాని మాట వచ్చినప్పుడు గొంతు తగ్గించి ముందుకు పోవడం మనకు అలవాటయింది. శ్రోతకు ఒక చిన్న మాటలో సందేహం కలిగి, దానికి జవాబు రాకపోతే, తరువాత చెప్పే పెద్ద మాటల మీద కూడ అతని నమ్మకం సడలుతుంది.

రెండవ పొరపాటు భయపు వ్యాఖ్యానం. ‘ఆ నిప్పు ఎంత పరిశుద్ధమైనదంటే సెరాపు కూడ దానిని తాకడానికి భయపడ్డాడు’ అని తరచుగా చెబుతాం. పాఠ్యంలో భయం అనే మాట లేదు. సెరాపు అనే పేరే ‘సారాఫ్’ అనే ధాతువు నుండి వచ్చింది. కాలుట అని దాని అర్థం. మండేవానికి మంట భయమా? పైగా హెబ్రీ వాక్యం, మన తెలుగు వాక్యం కూడ, పట్టకారుతో తీసిన ఆ నిప్పు అతని చేతిలో ఉన్నదనే చెబుతాయి. పట్టకారు ఉన్నది భయం వల్ల అని చెప్పడం కంటె, బలిపీఠం దగ్గర పరిచర్య జరిగే క్రమం అది అని చెప్పడం పాఠ్యానికి దగ్గరగా ఉంటుంది. ప్రధాన యాజకుడు కూడ బలిపీఠపు నిప్పును పాత్రలో తీసుకొనే లోపలికి వెళ్లాడు (లేవీ. 16:12).

మూడవ పొరపాటు ధాతువుల మోజు. లాకహ్ అంటే తీసుకొనుట కనుక దేవుడు మనలను ‘తీసుకొంటాడు’ అని, ఎక్కడ ఆ ధాతువు వచ్చినా అదే సందేశం అని చెప్పడం. 1961లో జేమ్స్ బార్ బైబిలు భాషా పరిశోధనలో ఈ పద్ధతిని గట్టిగా విమర్శించాడు. మాటకు అర్థం దాని పుట్టుకలో కాదు, వాక్యంలో దాని వాడుకలో ఉంటుందని ఆయన వాదన సారాంశం. పైన మేము ధాతువులను వివరించింది మాట చరిత్ర తెలియడానికే, వాటి నుండి ఉపదేశం పిండడానికి కాదు.

యెషయా గ్రంథంలోనే మరొక హెచ్చరిక ఉన్నది. 44:12లో విగ్రహం చేసే కమ్మరి పని వర్ణించబడింది. అక్కడి ‘మఆత్సాద్’ అనే హెబ్రీ మాటను 1611 నాటి ఇంగ్లీషు బైబిలు పట్టకారు అన్నది. ఆ తరువాతి ఇంగ్లీషు సవరణ గొడ్డలి అన్నది. మన తెలుగులోనూ గొడ్డలి అనే ఉన్నది. యిర్మీయా 10:3లో అదే మాట చెట్టు నరికే పనికి సంబంధించి రావడం వల్ల గొడ్డలి అనడమే సమంజసం. అంటే కమ్మరి కనిపించే చోట పట్టకారు లేదు, దేవాలయ దర్శనంలో ఉన్నది. ఈ 44వ అధ్యాయాన్ని చేతిపనివారిని చులకన చేయడానికి వాడడం కూడ మనం విన్నాం. అదే గ్రంథం 54:16లో బొగ్గుల నిప్పును ఊది పనిముట్టు చేసే కమ్మరిని తానే సృజించానని దేవుడు చెబుతాడు. ఆ వచనాన్ని పక్కన పెట్టకుండా 44:12ను బోధించడం న్యాయం కాదు.

6. కొలిమి దగ్గర నేర్చుకొన్నది

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఇనుముకు కొత్తవి కావు. నిర్మల్ ప్రాంతపు ఉక్కు, దానికి దగ్గరలో పూర్వపు నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు పేరుపొందినవి. ఇంగ్లీషువారు ‘వూట్జ్’ అని పిలిచిన ఆ ఉక్కును కోనసముద్రంలో చేసే విధానాన్ని హెన్రీ వాయిసీ చూసి రాశాడు. అతని మరణానంతరం 1832లో ఆ రచన అచ్చయింది. ఈ జిల్లాల పాత ఇనుప కొలుముల ఆనవాళ్లను 2010లో పరిశోధకులు ఊరూరా సర్వే చేశారు. ఎర్రగా కాలిన లోహాన్ని పట్టి ఎత్తిన చేతులు మన ఊళ్లలో తరతరాలుగా ఉన్నాయి. వారి మనుమలు, మునిమనుమలు నేడు మన సంఘాలలోనూ కూర్చుంటున్నారు. బైబిలులోని ఒక మాటకు వారు మనకంటె మంచి వ్యాఖ్యాతలు.

మేము ఆ సంఘ పెద్ద ఇంటికి వెళ్లాం. కొలిమి చల్లారి ఏండ్లయింది. తిత్తి లేదు, దాగలి ఒక మూలన ఉన్నది. పట్టకారు మాత్రం గోడకు వేలాడుతున్నది. రెండు ఇనుప కడ్డీలు, మధ్యలో ఒక శీల, ముందు పొట్టి ముక్కు, వెనుక పొడుగాటి కాళ్లు. కాళ్లు ఎంత పొడవైతే పట్టు అంత గట్టిదని, మంట అంత దూరమని ఆయన చూపించాడు. “పెద్దయ్యా, దీన్ని ఎవరు చేసిండ్రు?” అని అడిగాం. “మా నాయిన” అన్నాడు. “చేసేటప్పుడు దీన్ని దేంతోని పట్టుకున్నడు?” అన్నాం. ఆయన నవ్వి, “ఇంకో పట్కారుతోని. పట్కారు లేంది పట్కారు గాదు అయ్యగారూ” అన్నాడు.

ఆయనకు తెలియకుండానే ఆ మాట యూదు రబ్బీల ప్రశ్నను మాకు గుర్తుచేసింది. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చబడిన మిష్నాలో, ‘పితరుల సూక్తులు’ అని మనం చెప్పుకొనే ఆవోత్ అయిదవ అధ్యాయంలో, మొదటి విశ్రాంతి దినానికి ముందటి సాయంసంధ్యలో దేవుడు సృజించిన వాటి పట్టిక ఒకటి ఉన్నది. కొందరు ఆ పట్టికలో పట్టకారును కూడ చేర్చారు. పట్టకారును పట్టకారుతోనే చేయాలి గదా, మరి మొదటి దానిని ఎవరు చేశారు? కనుక అది దేవుడిచ్చినదే అని వారి తర్కం. తల్మూదులో పెసహీమ్ భాగం ఈ వాదాన్ని చర్చించి, అచ్చులో పోసి కూడ చేయవచ్చు గదా అని ఎదురు ప్రశ్న కూడ వేసింది. అక్కడి హెబ్రీ మాట ‘త్సెవాత్’, మెల్‌కాహయిమ్ కాదు. కనుక దీనిని యెషయా 6:6కు వ్యాఖ్యానంగా తీసుకోకూడదు. అయినా కొలిమి దగ్గర నుండి పుట్టిన ఆ ప్రశ్న వేదాంత ప్రశ్నే. మనం పట్టుకొన్నదంతా మనకంటె ముందు ఎవరో పట్టి చేసి ఇచ్చిన దానితోనే పట్టుకొన్నాం. మన చేతిలోని ఈ తెలుగు బైబిలు కూడ అటువంటిదే.

వెళ్లబోతుండగా మరొక ప్రశ్న వేశాం. నిప్పులో పెట్టే పట్టకారు కాలదా? “కాలకేమి, కాలుతది. గందుకే పక్కకే నీళ్ల తొట్టి ఉంటది. మాటిమాటికి ముంచాలె. ముంచకుంటె చెయ్యి కాలుతది” అన్నాడు. ‘దేవుని చేతిలో పట్టకారుగా ఉండండి’ అని సేవకులకు మనం ఉపదేశిస్తాం. అది ఈ వచనపు అర్థం కాదు, అన్వయం మాత్రమే. ఆ అన్వయం చేసేవారు ఈ తొట్టిని కూడ గుర్తుంచుకొంటే మంచిది. పరిశుద్ధమైన వాటిని రోజూ పట్టుకొనే చేయి తానూ వేడెక్కుతుంది. చల్లార్చుకొనే సమయం లేని సేవకుడు తనను పట్టుకొన్నవారిని కాలుస్తాడు. ఇది మాలో కొందరి ఇండ్లలోని వారికి బాగా తెలుసు.

ముగింపు

మా సూచనలు మూడు. మొదటిది, పాత అనువాదాన్ని వేదిక మీద చదివేటప్పుడు ‘కారు’ అని చదివి, వెంటనే ‘అంటే పట్టకారు’ అని ఒక్క మాట చేర్చాలి. అనువాదాన్ని నిందించనవసరం లేదు. మన వాడుక ఎప్పుడో చేసిన ఉపాయాన్నే మనం వాడుకొంటున్నాం. రెండవది, ఇకముందు సవరణ చేసేవారు యెషయాలోను, దీపవృక్షపు భాగాలలోను పట్టకారు అనే ఒకే మాటను ఉంచితే తెగిన బంధం కలుస్తుంది. మూడవది, పనిముట్ల పేర్లు వచ్చిన ప్రతిచోట నిఘంటువు తెరిచే ముందు సంఘంలో ఆ పని తెలిసినవారిని అడగాలి. నాగలి గురించి రైతును, మగ్గం గురించి సిరిసిల్ల నేతవారిని, వల గురించి గోదావరి ఒడ్డు బెస్తవారిని అడిగితే వారు చెబుతారు. అడిగినందుకు వారు సంతోషిస్తారు కూడ.

ఆరవ వచనం తరువాత పట్టకారు మళ్లీ కనిపించదు. నిప్పు పెదవులను తాకింది, దోషం పోయింది, పంపబడడం జరిగింది. యిర్మీయా విషయంలో ప్రభువు చేయి నేరుగా నోటిని ముట్టింది (యిర్మీయా 1:9). యెషయా దగ్గరికి మాత్రం క్షమాపణ బలిపీఠం నుండి, ఒక పనిముట్టు ద్వారా వచ్చింది. ఆ నిప్పు యెషయా తెచ్చుకొన్నది కాదు, సెరాపు పుట్టించినది కాదు. అది బలిపీఠానిది. పట్టకారు అనే ఆ ఒక్క మాట ఈ సంగతికి సాక్షి. దానిని దాటవేస్తే పాఠంలో ఒక సాక్షిని నోరు మూయించినట్లే.

ఆ పల్లె సంఘంలో మేము మరొకసారి అదే అధ్యాయం చదివాం. ఈసారి ఆ పెద్ద గోడ మీది పట్టకారును తెచ్చి బల్ల మీద పెట్టాడు. పిల్లలు నవ్వలేదు. వంతులవారీగా దానిని పట్టుకొని చూశారు.